కొత్త క్షేత్రం సంగతి అమ్మకు ఎవరూ చెప్పలేదు

మా తమ్ముడు వెంకటరామప్ప ఎలాంటివాడని ఎవరైనా అడిగితే నేను ముందు చొక్కా సంగతి చెబుతాను. ఒకసారి చింతామణిలో మా ఇంటికి వచ్చినప్పుడు, ఒంటి మీద ఉన్నది చిరిగిపోయిందని బట్టల అంగడికి తీసుకుపోయాను. రెండు చొక్కాలు ముందర పెట్టించాను. ఒకటి తెల్లది, ఒకటి లేత నీలం. పొద్దున కూర్చున్నవాడు మధ్యాహ్నం అన్నానికి పిలిచినా లేవలేదు. తెల్లది పట్టుకుంటే నీలం మీద మనసు, నీలం పట్టుకుంటే తెల్లదాని మీద మనసు. అంగడివాడు దండం పెట్టి, "అమ్మా, మీ తమ్మునికి రెండూ ఊరికే ఇస్తాను, లేపుకుని పోండి" అన్నాడు. అప్పుడు వీడు లేచి, "మళ్ళ చూస్తాంలే అక్కా" అని చిరుగు చొక్కాతోనే బస్సెక్కాడు.

ఇట్లాంటి మనిషి దగ్గరికి ఎమ్మెల్యే కావాలనుకున్నవాళ్ళు కార్లు వేసుకుని వచ్చేవాళ్ళు. చెప్పులు దూరంగా విడిచి, చేతులు కట్టుకుని, "అప్పా, నేను గెలుస్తానా?" అని అడిగేవాళ్ళు.

మా పుట్టిల్లు ఎర్రమాకులపల్లి. బాగేపల్లి తాలూకాకు కొసన ఉన్న ఊరు. ఒక్క గుట్ట దాటితే చింతామణి తాలూకా. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఆకాశం. ఆ ఊళ్ళో చౌడమ్మ గుడి మా వాళ్ళది. నేను మూడో తరగతితో పలక పక్కన పెట్టినదాన్నే కానీ, పూజారి ఇంటి ఆడపడుచును. జాతరకు బియ్యప్పిండి, బెల్లంతో చేసే తంబిట్టు దీపం మొదట ఎత్తేది నేనే. ఆ పళ్ళెం ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు.

చౌడమ్మ పువ్వు ఇస్తుంది. అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. గన్నేరు పూలు రెండు తడిపి, అమ్మ కుడి భుజం మీద ఒకటి, ఎడమ భుజం మీద ఒకటి అంటిస్తారు. పూజారి సంగతి విన్నవిస్తాడు. కుడి పువ్వు ముందు రాలితే అవును. ఎడమది రాలితే కాదు. పెళ్ళికీ, బావి తవ్వడానికీ, పోయిన ఎద్దుకీ అందరూ అడిగేవాళ్ళు. ఓట్లకు అడగడం మాత్రం మా నాన్న కాలంలో మొదలైంది.

మొట్టమొదటి ఓట్లు నాకు బాగా జ్ఞాపకం. అప్పుడు మనది మైసూరు రాజ్యం. నిలబడ్డవాళ్ళకు ఒక్కొక్కరికీ ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద ఒక్కొక్క బొమ్మ. మనకు నచ్చిన పెట్టెలో కాగితం వెయ్యాలి. మా అమ్మ లోపలికి పోయి, ఏ పెట్టెను చిన్నబుచ్చినా తప్పని, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుని, కాగితం కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చేసింది. ఆఫీసరు వెనకాలే పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఇంత మంచి కాగితం పెట్టెలో పారేసి రావాలా?" అని మా అమ్మ ఆయన్నే అడిగింది.

ఆ రోజుల్లోనే పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన ఓట్లకు నిలబడి, మా నాన్న దగ్గరికి వచ్చి పువ్వు అడగమన్నాడు. కుడి పువ్వు రాలింది. ఆయన గెలిచాడు. ఇంక చూసుకోండి. అప్పటి నుంచి ప్రతి విధానసభ ఓట్లకూ మా గుడి ముందర దుమ్ము లేచేది.

మా నాన్న పువ్వు అడిగే ముందు ఒక పని చేసేవాడు. ఊరి అడ్రసు మొత్తం గట్టిగా చెప్పేవాడు. "తల్లీ, మైసూరు రాజ్యం, కోలారు జిల్లా, బాగేపల్లి తాలూకా, ఎర్రమాకులపల్లి నుంచి నీ బిడ్డ అడుగుతాండాడు" అని. ఎందుకు నాన్నా, అమ్మకు తెలియదా అని నేను అడిగితే, "ఎన్ని ఊళ్ళు, ఎంతమంది చౌడమ్మలమ్మా! అడ్రసు చెప్పకుండా అడిగితే మన జవాబు ఎవరికో పోతాది. అమ్మకు చెప్పేదే పూజారి పని. మిగతాదంతా ఆమె పని" అన్నాడు. మైసూరు రాజ్యం కాస్తా కర్ణాటక అయినప్పుడు, ఊరందరినీ పిలిచి, టెంకాయ కొట్టి, ఆ మాట అమ్మకు విన్నవించాకే మళ్ళీ పువ్వు ముట్టాడు. అంత శ్రద్ధ మనిషి.

నాన్న పోయాక ఊరి పెద్దలు గుడి తాళంచెవి, మా వైపు బీగం అంటాం, మా తమ్ముడి చేతికి ఇచ్చారు. మా చిన్నాన్న కొడుకు సుబ్బరాయప్పకు అది మింగుడు పడలేదు. అతనికీ గుడిలో హక్కు ఉంది, కాదనను. రాగి పిండి మిషను పెట్టుకుని బాగానే బతుకుతున్నాడు. అయినా మిషను దగ్గరికి పిండికి వచ్చిన ప్రతి ఆడమనిషితోనూ, "చొక్కా ఏరుకోలేనోని చేతిలో అమ్మ బీగం పెట్టినారు" అనేవాడు. చొక్కా సంగతి అతనికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేనైతే నలుగురైదుగురికే చెప్పాను.

మా తమ్ముడు జీవితంలో పెట్టిన పని ఏదీ నిలవలేదు. గొర్రెలు మేపితే రోగం వచ్చింది. పట్టుపురుగులు పెడదామని జంగమకోటె పోయి గుడ్లు తెచ్చి, ఆకు ఎప్పుడు వెయ్యాలో తేల్చుకునే లోపల అవి ఎండిపోయాయి. ఓటు కాగితం మీద ముద్ర వేసే కాలంలో, ఇద్దరినీ బాధపెట్టకూడదని రెండు గుర్తుల నడుమ గీత మీద ముద్ర వేసి వచ్చేవాడు. ఆ ఓటు ఒక్కసారైనా చెల్లిందో లేదో. కానీ గుడి బీగం మొలతాడుకు కట్టుకుని, తడి పూలు చేత పట్టుకుంటే మాత్రం వేరే మనిషి. మాట తడబడదు. ఆ బీగం ఒక్కటి తీసేసుకుంటే వాడి దగ్గర మిగిలేది ఆ చిరుగు చొక్కానే. ఇది నాకు తెలుసు, వాడి పెళ్ళాం మునిరత్నమ్మకు తెలుసు, సుబ్బరాయప్పకు మరీ బాగా తెలుసు.

చిక్కు 2004 ఓట్లప్పుడు మొదలైంది. కోళ్ళఫారం నంజప్ప అని ఒకాయన, పాతపాళ్యం దారిలో పెద్ద షెడ్లున్న మనిషి, పార్టీ ఏమీ లేకుండా బాగేపల్లి నుంచి కొబ్బరికాయ గుర్తు మీద నిలబడ్డాడు. చౌడమ్మ అంటే ఆయనకు ప్రాణం. గుడిలో ఉక్కగా ఉంటుందని ఒక ఫ్యాను కూడా ఇచ్చాడు. మా తమ్ముడు ఫ్యాను కింద నిలబడి పువ్వు అడిగాడు. కుడి పువ్వు రాలింది. జనం కేక పెట్టేలోపల ఎడమ పువ్వు కూడా రాలింది.

ఊరి పెద్ద ముత్యాలప్ప, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగాడు. "ఏమప్పా ఎంకట్రామా, అమ్మ అవుననిందా, కాదనిందా?"

"రెండూ అనిందప్పా."

"రెండూ ఎట్లంటాది?"

"అనింది కదా, నువ్వూ చూస్తివి కదా."

నంజప్ప ఓడిపోయాడు. ఆ ఏడు విధానసభకూ లోకసభకూ ఒకేసారి ఓట్లు, రెండు మిషన్లు పెట్టారు. దాన్ని పట్టుకుని మా తమ్ముడు, ఒక పువ్వు ఒక మిషనుకు, ఇంకో పువ్వు ఇంకో మిషనుకు అని చెప్పబోయాడు.

సుబ్బరాయప్ప పిండి చేతులతోనే వచ్చాడు. "నంజప్ప నిలబడింది బెంగళూరు మిషన్లో. ఢిల్లీ మిషన్లో ఆయన పేరు యాడుండాదప్పా? అమ్మ చెప్పిందా, ఆ ఫ్యాను చెప్పిందా?"

అందరూ నవ్వారు. మా తమ్ముడికి జన్మలో మొదటిసారి కోపం వచ్చింది. కోపం అలవాటు లేనివాడికి వస్తే ఎంత చెయ్యాలో కొలత తెలియదు. "ఫ్యాను పీకేస్తా! మళ్ళ వచ్చే విధానసభ ఓట్లలో అమ్మ పువ్వు మాట తప్పితే ఈ బీగం నీకే ఇస్తా, తీసుకో సుబ్బరాయన్నా! ముత్యాలప్పే సాక్షి!" అన్నాడు. మునిరత్నమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. సుబ్బరాయప్ప మాత్రం నవ్వడం ఆపి, "సాక్షి విన్నాడు కదా" అని నెమ్మదిగా అన్నాడు.

ముత్యాలప్పకు ఒక చెవి వినపడదు. కానీ ఈ మాట రెండో చెవి వైపు పడింది.

తర్వాత మా జిల్లా మారింది. పుట్టినప్పటి నుంచి కోలారు, కోలారు అన్న నోరు చిక్కబళ్ళాపురం అనాల్సి వచ్చింది. మా తమ్ముడు నాన్న చేసినట్టే ఊరిని పిలిచి, టెంకాయ కొట్టి, "తల్లీ, కోలారు జిల్లా... కాదు కాదు, చిక్కబళ్ళాపురం జిల్లా" అని విన్నవించాడు. నేనూ పోయాను. వాడి పద్ధతి చూసి, నాన్న బిడ్డే అనుకున్నాను.

మరుసటి ఏడు ఓట్లు వస్తాయనగా పంచాయతీ మనిషి ఒకతను సైకిలు మీద వచ్చి, బడి గోడకు కాగితం అంటించి, "ఏమప్పా, మీ ఊరు మారింది, తెలుసునా?" అని అడిగాడట.

"తెలుసులేప్పా. పోయినేడే మారితిమి. టెంకాయ కూడా కొడితిమి" అన్నారట మా వాళ్ళు.

"టెంకాయ ఎందుకప్పా?" అన్నాడట.

"మీ పంచాయతీలో కొట్టరేమో, మేము కొడతాము" అన్నారట. అతను తల గోక్కుని, మజ్జిగ తాగి పోయాడట. ఆ కాగితాన్ని మేక తినింది. మేక తినకపోయినా చదివేవాళ్ళు ఎవరు, జిల్లా కాగితమే కదా అనుకున్నారు.

నంజప్ప మళ్ళీ కొబ్బరికాయ గుర్తు మీద నిలబడ్డాడు. మళ్ళీ వచ్చాడు. ఈసారి ఫ్యాను లేదు, దాని రెక్కలు మునిరత్నమ్మ చింతపండు ఎండబెట్టడానికి వాడుకుంటోంది. తలుపులు వేసి, ఊదొత్తి పొగ కూడా కదలకుండా, మా తమ్ముడు అడ్రసు చెప్పి అడిగాడు. కుడి పువ్వు ఒక్కటే రాలింది. ఎడమది సాయంత్రం దాకా అట్లాగే ఉంది. సుబ్బరాయప్ప పోయి దగ్గరగా ఊది చూశాడు, ఊడలేదు. నంజప్ప కళ్ళనీళ్ళు పెట్టుకుని, "అమ్మ మాట చాలప్పా నాకు" అని వెళ్ళిపోయాడు. ఓటెయ్యండి అని ఒక్కరినీ అడగలేదు. ఎంత పెద్ద మనసు, అడగను కూడా అడగలేదు చూడు అని ఊరంతా మెచ్చుకుంది. అమ్మ చెప్పింది కాబట్టి అందరూ కొబ్బరికాయకే అని తీర్మానం అయిపోయింది.

ఆ వారంలోనే చింతామణి వైపు నుంచి జీపొకటి జెండాలు కట్టుకుని వచ్చింది. మా వాళ్ళకు జాలి వేసింది.

"అప్పా, దారి తప్పి వచ్చినారే. మీ చింతామణి తాలూకా అటు, కెంచార్లహళ్ళి వైపు. గుట్ట దిగి ఎడమకు పోండి" అని చూపించారు. జీపులో కూర్చున్న ఆయన ఏదో చెప్పబోతే, "పరవాలేదులేప్పా, కొత్తోళ్ళు" అని నీళ్ళిచ్చి, ఇద్దరు ముందర నడిచి గుట్ట దాకా సాగనంపి వచ్చారు. రెండోసారి ఇంకో జీపు వచ్చింది. దాన్ని కూడా సాగనంపారు. ఈ కాలం డ్రైవర్లకు దారులే తెలియవు అని నవ్వుకున్నారు.

ఓట్ల నాడు నేను పొద్దున్నే చింతామణిలో నా ఓటు వేసి బస్సెక్కాను. మర్నాడు గుడిలో పూజ ఉంది, పూలు తీసుకుపోవాలి. నేను ఇంకా బస్సులో ఉండగానే ఊళ్ళో జరిగింది ఇది. అందరూ చెప్పారు, ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెప్పారు. అన్నీ కలిపి నేను చెబుతున్నాను.

మా ఊళ్ళో మొదటి ఓటు పూజారిది. మా తమ్ముడు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, బడిలోకి పోయాడు. బయట ఊరంతా వరసలో ఉంది. వేలికి సిరా పెట్టించుకుని, అట్టపెట్టె చాటుకు పోయి మిషను చూశాడు. కొబ్బరికాయ లేదు. పైనుంచి కిందికి చూశాడు. కింది నుంచి పైకి చూశాడు. లేదు.

"అయ్యా, నంజప్ప యాడుండాడు?" అని చాటు నుంచే అడిగాడు.

ఆఫీసరు కన్నడంలో గట్టిగా, పేర్లు చెప్పకూడదు, నొక్కి బయటికి రా అన్నాడు.

"నొక్కుతాను స్వామీ. కొబ్బరికాయ ఇయ్యండి, నొక్కుతాను."

"అక్కడ ఉన్నదే నొక్కాలి అజ్జా!"

రెండు చొక్కాల నడుమ పొద్దంతా కూర్చున్నవాడికి అన్ని గుర్తులు చూపించి ఒకటి నొక్కమంటే ఏమవుతుంది? లోపల ఎంతసేపు నిలబడ్డాడో ఏమో, ఆఫీసరు లేచి నిలబడి అరిచాడు. ఆ అరుపుకు వాడి వేలు ఎక్కడో పడింది. కూత వచ్చింది. దేని మీద పడిందో ఇప్పటికీ వాడికి తెలియదు.

బయటికి వచ్చిన వాడి ముఖం చూసి వరసంతా కదిలింది.

"ఏమప్పా?"

"కొబ్బరికాయ లేదు."

"లేకపోవడమేమి?"

"లేదంటాండా కదా. పేరూ లేదు, గుర్తూ లేదు."

ఇంకేముంది! మిషను మార్చేశారన్నవాళ్ళు కొందరు. నంజప్ప పేరు ఎవరో డబ్బు కట్టి తీయించారన్నవాళ్ళు కొందరు. కొందరు నొక్కకుండా ఇంటికి పోయారు. బైరప్ప అనే ముసలాయన లోపలికి పోయి, అమ్మ చెప్పింది లేనప్పుడు ఏదైతే ఏమని కళ్ళు మూసుకుని నొక్కాడు. సుబ్బరాయప్ప మాత్రం గుడి వైపు చూస్తూ మీసం దువ్వుకుంటున్నాడట.

అప్పుడే నేను పూలబుట్టతో బస్సు దిగాను. వచ్చీరాగానే అందరూ మీద పడ్డారు.

"ఉండండమ్మా, ఒకరొకరే చెప్పండి. మిషన్లో ఏమేముండాయి?"

"మొదట ఎవరివో ఏమేమో గుర్తులక్కా. వాటి కింద కత్తెర..." అని మొదలుపెట్టింది మునిరత్నమ్మ.

కత్తెర అనగానే నాకు ఒళ్ళు జిల్లుమంది. "కత్తెర కింద ఇస్త్రీపెట్టె. దాని కింద గాలిపటం. కడాన టార్చిలైటు. అంతేనా?" అన్నాను.

అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. నా మీదికి చౌడమ్మ వచ్చిందనుకున్నారు. ఒకామె చేతులు కూడా జోడించింది.

"నీకెట్ల తెలుసక్కా?" అన్నాడు మా తమ్ముడు, ఏడుపు గొంతుతో.

"పొద్దున మా చింతామణిలో ఇదే వరస చూసి వస్తాండా కదరా!"

బైరప్ప గట్టిగా తొడ చరిచాడు. "అయితే చింతామణి మిషను తెచ్చి మన బళ్ళో పెట్టేసినారు! మన మిషను అక్కడికి పోయుంటాది. లారీవోడు తారుమారు చేసినాడప్పా!"

అది అందరికీ నచ్చింది. ఇద్దరు కుర్రవాళ్ళు చింతామణికి పోయి మిషను తెస్తామని బండి కూడా తీశారు. అప్పుడు ఆ పంచాయతీ సైకిలు మనిషి, ఓట్ల పనికి వచ్చినవాడు, బడి మెట్ల మీద నుంచి తల పట్టుకుని చెప్పాడు. "మిషను సరిగ్గానే ఉండాదప్పా. తాలూకా బాగేపల్లే. జిల్లా చిక్కబళ్ళాపురమే. ఓట్లకు మాత్రం ఈ తూరి నుంచి మీరు చింతామణి క్షేత్రం, నియోజకవర్గమంటారే, అది. మీ ఊరు మారిందని నేనప్పుడే చెప్తిని కదా!"

"నువ్వు చెప్పింది జిల్లా కదప్పా?"

"జిల్లా మీకు ముందే తెలుసు కదా, అది నేనెందుకు చెప్తాను?"

"తెలుసనే కదా మేము తెలుసంటిమి!"

దీని తర్వాత ఎవరు ఎవరికి ఏం చెప్పారో నాకే అర్థం కాలేదు. నేను పుట్టింటి నుంచి చింతామణికి కోడలిగా పోయి యాభై ఏళ్ళు దాటింది. గవర్నమెంటు ఇన్నాళ్ళకు పుట్టిల్లు మొత్తాన్ని నా వెనకాల పంపిందన్నమాట. నాకు నవ్వాలో కోపపడాలో తెలియలేదు. ఆ రెండు జీపులను సాగనంపింది తలుచుకుని మాత్రం కాసేపు నవ్వాను.

నా తమ్ముడు నవ్వలేదు. వాడి చెయ్యి మొలతాడు మీదే ఉంది. నంజప్ప గెలిస్తే పువ్వు నిజం. ఓడితే బీగం పోతుంది. ఎక్కడ నిలబడినా, ఏ క్షేత్రమైనా, మాట మాటే కదా.

నంజప్ప ఓడిపోయాడు. కొంచెంలో ఓడిపోయాడు. ఎంత కొంచెమంటే, మా ఊరి ఓట్లు పాత లెక్కనే బాగేపల్లిలో ఉండి, అందరూ కొబ్బరికాయ నొక్కి ఉంటే, గెలిచి ఉండేవాడు. ఆ మాట తెలిశాక ఊరికి పిచ్చెక్కింది. అమ్మ తప్పు చెప్పిందా? ఒప్పు చెప్పిందా?

ఫలితాలు వచ్చిన మరునాటి సాయంత్రం గుడి ముందర బండ మీద అందరూ చేరారు. నేను ఆ పూజకని వచ్చినదాన్ని చింతామణికి తిరిగి పోనేలేదు, ఎట్లా పోతాను.

సుబ్బరాయప్ప కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. "ముత్యాలప్పా, సాక్షి నువ్వే. పువ్వు మాట తప్పింది. బీగం ఇప్పించు" అన్నాడు.

"ఎట్ల తప్పిందప్పా? పాత ఎల్లలకైతే నిజమే కదా?" అన్నాడు ఒకడు.

"పాత ఎల్లలకు గెలిస్తే పాత విధానసభకు పోతాడా?" అన్నాడు ఇంకొకడు.

ముత్యాలప్ప ఇటు చెవి పెట్టి, అటు చెవి పెట్టి, "నాకేమీ తెలీడం లేదప్పా" అన్నాడు. ఆయన ఒక్కడే నిజం చెప్పాడు ఆ సాయంత్రం.

నాకు ఓపిక పోయింది. "ఒరే సుబ్బరాయా, ఒక్క మాట చెప్పు. అమ్మ అబద్ధం చెప్పిందంటావా?"

"చెప్పింది కదక్కా."

"అబద్ధం చెప్పే అమ్మ గుడి బీగం నీకెందుకురా? పిండి మిషను చాల్లేదా?"

అతను కొత్త పంచె సర్దుకున్నాడు. "అట్లయితే... చెప్పలేదక్కా."

"చెప్పలేదా? అయితే పువ్వు నిజం. బీగం వానిది. పో, మిషను నడుపుకో."

జనం గొల్లున నవ్వారు. నేను కొంగు దులుపుకుని కూర్చున్నాను. అయిపోయిందనుకున్నాను. అప్పుడు నా తమ్ముడు లేచాడు. నేను గెలిపించిన దాన్ని పాడు చెయ్యడానికే పుట్టాడు వాడు.

"లేదక్కా. అమ్మది తప్పు లేదు. నాది. రాజ్యం మారినప్పుడు నాయన చెప్పినాడు. జిల్లా మారినప్పుడు నేను చెప్తిని. క్షేత్రం మారింది నేను చెప్పలేదు. అమ్మ పాత అడ్రసుకే జవాబిచ్చింది. పూజారికి ఉండే పని ఒక్కటే, అమ్మకు చెప్పడం. అదే నేను చెయ్యలేదు." మొలతాడు విప్పి బీగం బండ మీద పెట్టాడు. "తీసుకో సుబ్బరాయన్నా."

ఈసారి వాడి మాట తడబడలేదు. తడి పూలు చేతిలో ఉన్నప్పుడు ఉండే గొంతు అది. చేతిలో పూలు లేవు. మునిరత్నమ్మ నా భుజం పట్టుకుంది.

సుబ్బరాయప్ప వంగాడు. చెయ్యి బీగం దాకా పోయింది. అక్కడే ఆగింది.

"ఏమప్పా, తీసుకోవేమి" అన్నాడు బైరప్ప.

"తీసుకుంటాలే, ఉండు." అతను గుడి తలుపు వైపు చూశాడు. "క్షేత్రం మారింది నాకు మాత్రం తెలుసునా? నేనుండినా కోలారు జిల్లా అనే చెప్పుందును. చిక్కబళ్ళాపురం నా నోటికి ఇంకా రాదు." వంగినవాడు వంగినట్టే కాసేపు ఉండి, నడుం పట్టుకుని లేచాడు. "ఇంక ఏమేం మారినాయో, మనకెవరూ చెప్పనివి ఎన్నుండాయో. నేను తీసుకున్నాక ఇంకోటి మారితే?"

బీగం బండ మీద ఉంది. ఇద్దరూ దానికి అటూ ఇటూ నిలబడ్డారు. ఒకరు తీసుకోమంటున్నారు, ఒకరు తీసుకోవడం లేదు. ఇన్నేళ్ళుగా దాని కోసం మిషను దగ్గర నోరు పారేసుకున్నవాడు ఎవరు, అది లేకపోతే ఏమీ లేనివాడు ఎవరు అని బయటివాళ్ళు చూస్తే చెప్పలేరు. పొద్దు గుట్ట వెనక్కి పోతోంది. లోపల అమ్మ చీకట్లో ఉంది.

"దీపం వేళయిందిరా" అన్నాను.

సుబ్బరాయప్ప బీగాన్ని కాలితో కాదు, పంచె కొంగుతో మా తమ్ముడి వైపు తోశాడు. "ముందు దీపం పెట్టప్పా. బీగం సంగతి మళ్ళ చూస్తాంలే."

మళ్ళ చూస్తాంలే అట! మా తమ్ముడి మాట ఇంకొకరి నోట వినడం నాకు అదే మొదలు.

తమ్ముడు తలుపు తీశాడు. దీపం పెట్టాడు. టెంకాయ కొట్టి, గట్టిగా మొదలుపెట్టాడు. "తల్లీ, కర్ణాటక రాజ్యం, చిక్కబళ్ళాపురం జిల్లా, చింతామణి తాలూకా..."

"బాగేపల్లి తాలూకా!" అని వెనక నుంచి ఊరంతా అరిచింది.

"బాగేపల్లి తాలూకా, చింతామణి జిల్లా..."

"క్షేత్రమప్పా, క్షేత్రం!" అని సుబ్బరాయప్ప వాడి చెవి దగ్గరికి వచ్చి అందించాడు.

ముక్క ముక్కగా, ఒకరు మరిచింది ఒకరు అందిస్తూ, అడ్రసు మొత్తం అమ్మకు విన్నవించారు. అడగడానికి ఏమీ లేదు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. దండం పెట్టుకుని వెనక్కి తిరుగుతుంటే, పొద్దున అలంకారానికి పెట్టిన గన్నేరు పువ్వు ఒకటి కుడి భుజం మీద నుంచి రాలి పళ్ళెంలో పడింది.

అందరూ నిలబడిపోయారు. అడ్రసు అందిందనా? బీగం వాడిదనా? నంజప్ప మళ్ళీ నిలబడాలనా? మా తమ్ముడు పువ్వు చేతిలోకి తీసుకుని నా వైపు చూశాడు.

"అక్కా, ఇది దేనికి?"

నన్ను ఏదడిగినా నా దగ్గర జవాబు ఉంటుంది. చింతామణిలో మా వీధి వీధంతా చెబుతుంది ఆ మాట. ఆ పూట మాత్రం తంబిట్టు పళ్ళెం ఏదని మునిరత్నమ్మను కేకలేసి లోపలికి పోయాను.

మరుసటి ఏడు లోకసభ ఓట్లు వచ్చాయి. చింతామణితో పాటు మా ఊరు మళ్ళీ కోలారుకే పోయిందని, దానికి వేరే క్షేత్రమని ఎవరో చెప్పారు. మా తమ్ముడు ఇంకో టెంకాయ కొట్టి అది కూడా విన్నవించాడు. ఓట్ల కోసం ఎవరైనా పువ్వు అడగడానికి వస్తే, "ముందు మీది ఏ క్షేత్రమో తహశీల్దారుతో రాయించుకుని రాండప్పా" అంటున్నాడు. అట్లా పోయినవాళ్ళలో తిరిగి వచ్చినవాళ్ళు లేరు. బీగం వాడి మొలతాడుకే ఉంది. పొద్దున తలుపు తీసేటప్పుడు సుబ్బరాయప్ప వచ్చి వెనకాల నిలబడి, అడ్రసు తప్పకుండా చెబుతున్నాడా లేదా అని వింటాడు. తప్పితే అందిస్తాడు. పిండి మిషను అంతసేపూ ఊరికే తిరుగుతూ ఉంటుంది.